తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లేది చూడాలనుకుంటే

మార్చి నెల వస్తే మా ఇంట్లో పరీక్షల టెన్షన్‌తో పాటు ఇంకో లెక్క కూడా నడుస్తుంటుంది, ఫలానా గుంతలో గుడ్లు పెట్టి ఎన్ని రోజులైంది, ఈ వారం పిల్లలు బయటికి వస్తాయా రావా అని. శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయని పేపర్లో చదివి చాలామందికి తెలుసు. కానీ ఆ పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు మనలాంటివాళ్లు కూడా వెళ్లి చూడొచ్చన్న సంగతి సోంపేట, పలాసల్లో ఉండేవాళ్లకే సరిగ్గా తెలియడం లేదు. వైజాగ్ దాకా తీసుకెళ్లి జూ చూపిస్తాం, ఇంటి పక్కనున్న సముద్రం దగ్గర ఏం జరుగుతోందో మాత్రం చూపించం. ఆ బాధతోనే, నాలుగేళ్లుగా పిల్లల్ని తీసుకెళ్తూ నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు ఎప్పుడు వెళ్లాలో చూద్దాం. తల్లి తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా, ఎక్కువగా రాత్రిపూట, ఒడ్డుకొస్తాయి. వెనక కాళ్లతో అడుగున్నర లోతు గుంత తవ్వి, వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఆ ఇసుకని అదిమి, గంటలోపే తిరిగి వెళ్లిపోతాయి. మళ్లీ ఆ గుంత వైపు రావు. అలా వదిలేస్తే తెల్లారేసరికి కుక్కలో నక్కలో తవ్వి తినేస్తాయి కాబట్టి, కాపలా ఉండే మత్స్యకారులు రాత్రంతా తీరం వెంట నడిచి, ట్రాక్టరు టైరు వెళ్లినట్టుండే జాడ పట్టుకుని, గుడ్లు తీసి, కంచె కట్టిన హేచరీలో అంతే లోతున మళ్లీ పూడుస్తారు. ఇది కొన్ని గంటల్లోనే అయిపోవాలి, ఎందుకంటే పిండం పెంకు లోపల అతుక్కున్నాక గుడ్డు అటూ ఇటూ తిరిగితే చచ్చిపోతుంది. అక్కడి నుంచి 45 నుంచి 55 రోజులు. అంటే సంక్రాంతికి పెట్టిన గుడ్లకి మార్చి మొదట్లో, శివరాత్రికి పెట్టినవాటికి ఏప్రిల్లో పిల్లలొస్తాయి. మాకైతే ఒంటిపూట బడులు మొదలయ్యాక వెళ్లడం కలిసొచ్చింది.

నేరుగా బీచ్‌కి వెళ్లి హేచరీ తలుపు తియ్యమని అడక్కండి. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జీవాలు, పులి కూడా అదే షెడ్యూల్లో ఉంది. అందుకని ముందు దగ్గర్లోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లండి. స్కూలు పిల్లలైతే హెడ్మాస్టరు చేత, ఎంతమంది, ఏ తరగతి, ఎవరు బాధ్యులు అని ఒక లెటర్ రాయించి పట్టుకెళ్లండి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, గార, ఇవన్నీ తీర మండలాలే. విజయనగరం వైపువాళ్లకి పూసపాటిరేగ, భోగాపురం తీరం దగ్గర. హేచరీ ప్రతి ఏడాదీ ఒకే చోట ఉండకపోవచ్చు కాబట్టి, పోయినేడు చూసిన చోటికే వెళ్లిపోకుండా అడిగి వెళ్లండి.

ఆఫీసులో అనుమతి వచ్చాక ఆ హేచరీ కాపలాదారు ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. అసలు కబురు అక్కడి నుంచే వస్తుంది. గుంత మీద ఇసుక కొద్దిగా కుంగిందంటే ఆ రాత్రో మర్నాడో పిల్లలొస్తాయని ఆయన కనిపెట్టేస్తాడు. మొదటి ఏడాది నేను ఆదివారం అని ఖాయం చేసుకుని ముప్పై మందిని తీసుకెళ్లాను, ఒక్క పిల్ల కూడా రాలేదు. శనివారం రాత్రే వచ్చేశాయట, వాటిని ఆపి ఉంచకూడదు కదా, తెల్లవారుజామునే వదిలేశారు. అప్పటి నుంచి తారీకు పెట్టుకోవడం మానేశాను. ఇప్పుడు నాలుగైదు కుటుంబాలం సిద్ధంగా ఉంటాం, రాత్రి పదింటికి ఫోనొస్తే మూడింటికి బయల్దేరతాం. ఎక్కువమంది వద్దు, పది పదిహేనుమంది దాటితే ఎవరికీ సరిగ్గా కనబడదు.

సాధారణంగా వదిలేది తెల్లవారుజామున లేదా పొద్దుగూకే వేళ, ఎండలో ఇసుక కాలిపోతుంది, కాకులూ గద్దలూ తిరుగుతుంటాయి. బండ్లు దూరంగా ఆపి, హెడ్‌లైట్లు ఆర్పేసి, సరుగుడు తోట దాటి నడిచి వెళ్లండి. తినేవి బండిలోనే వదిలెయ్యండి. మీరు పారేసిన బిస్కెట్ ముక్క కోసం వచ్చిన కుక్క రేపు గుడ్ల కోసం కూడా వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వెలుతురు. ఇప్పుడే ఇసుకలోంచి వచ్చిన పిల్లకి సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు. చీకట్లో ఎటువైపు ఎక్కువ వెలుగుంటే అటు పోతుంది. మామూలుగా నక్షత్రాల వెలుగు పడి సముద్రమే తెల్లగా ఉంటుంది కాబట్టి అటే వెళ్తుంది. మనం టార్చి వేస్తే మన వైపు వస్తుంది. మా బృందంలో ఒకాయన వీడియో కోసమని ఫోన్ లైటు వేశాడు, ఆ ఒక్క నిమిషంలో నీళ్లకి పది అడుగుల దూరంలో ఉన్న ఏడెనిమిది పిల్లలు వెనక్కి తిరిగి ఆయన చెప్పుల వైపు పాకడం మొదలెట్టాయి. కాపలా తాత పరిగెత్తుకొచ్చాడు, "లైటెయ్యకండి బాబూ, దారి తప్పిపోతాయి, అలిసిపోతే ఇంకేటి ఈదతాయి" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువ. తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి, అదీ నేల వైపు, ఆయన వెయ్యమంటేనే.

బుట్టలోంచి నీళ్లకి కొంచెం దూరంలో, తడి ఇసుక మీద వదులుతారు. నేరుగా నీళ్లలో ఎందుకు వెయ్యరని పిల్లలు అడుగుతారు. ఆ కాస్త దూరం తనంతట తాను నడవడం వల్ల ఆ తీరం గుర్తు దానికి పడుతుండొచ్చని, పెద్దయ్యాక ఆడ తాబేలు పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుందని శాస్త్రవేత్తలు చెబుతారు. పిల్ల మన బొటనవేలంత ఉంటుంది, నల్లగా, ఒంటికి ఇసుక అంటుకుని. నా అడుగు పడిన గుంటలో ఒకటి తలకిందులైంది, ముందు రెక్కలు గాల్లో కొట్టుకుంటూ, తల ఒక పక్కకి ఆనించి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి తిరగబడింది. నాకు గుండె ఆగినంత పనైంది. అందుకే ఇప్పుడు వదిలే ముందే మా పిల్లలు ఆ దారంతా చేతులతో చదును చేస్తారు, తర్వాత రెండు పక్కలా కూర్చుంటారు, సముద్రం వైపు ఎవ్వరూ నిలబడరు. చేత్తో ముట్టుకోవడం కాపలావాళ్లు చెబితే తప్ప వద్దు.

వెళ్లినప్పుడు పిల్లలకి ఏదైనా పని అప్పజెప్పండి. ప్రతి గుంత దగ్గర గుడ్లు పెట్టిన తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చిన్న బోర్డు ఉంటే నోట్‌బుక్కులో ఎక్కించమనండి, ఎప్పుడు పొదుగుతాయో వాళ్లనే లెక్కకట్టమనండి, తర్వాత ఫోన్ చేసి సరిచూసుకోవచ్చు. అనుమతిస్తే థర్మామీటరు పెట్టి ఇసుక వేడి చూడండి, ఎందుకంటే తాబేళ్లలో ఆడా మగా తేలేది ఆ వేడిని బట్టే, వేడెక్కువైతే ఆడవి ఎక్కువ పుడతాయి. మా తొమ్మిదో తరగతి అమ్మాయి వెంటనే, "అయితే ఎండలు పెరిగితే మగవి ఉండవా?" అని అడిగింది. శాస్త్రవేత్తల భయం కూడా సరిగ్గా అదే.

ఒడ్డున చచ్చిన పెద్ద తాబేలు కూడా కనబడొచ్చు, పిల్లల్ని పక్కకి లాక్కుపోకండి. తాబేలుకి ఊపిరితిత్తులుంటాయి, గాలి కోసం పైకి రావాల్సిందే, ట్రాలర్ వలలో చిక్కితే మునిగి చచ్చిపోతుందని చెప్పండి. మన తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అప్పటికే చాలావరకు అయిపోతుంది. తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలు ఉన్నాయి, అవి వాడాలి. ఇవన్నీ పిల్లలు వినాల్సిన విషయాలే. మృతదేహం ఎక్కడుందో కాపలావాళ్లకి చెప్పండి, వాళ్లు కొలిచి రాసుకుంటారు.

ఏడింటికల్లా అయిపోతుంది. మార్చిలోనే వెళ్తే, తిరుగు దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఆగండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుని ఉంటాయి. మార్చి దాటితే పలచబడిపోతాయి. బైనాక్యులర్ ఒకటి ఉంటే చాలు, చెట్ల కిందికి మాత్రం వెళ్లకండి.