కతోలిక విశ్వాసంలోకి కొత్తగా వచ్చినవారు ఆత్మగురువును వెతుక్కోవడం ఎలా

ఆత్మగురువు అంటే ప్రార్థనలో, విశ్వాసంలో మనకు దారి చూపే మనిషి. అయితే కతోలిక విశ్వాసం వైపు మనసు మళ్లినవారికి ముందుగా కావలసింది పేరున్న ప్రసంగీకుడు కాదు, ఒక విచారణ, అంటే ఒక ఫాదర్ గారు చూసుకునే స్థానిక సంఘం (పారిష్). నెల్లూరు, ప్రకాశం జిల్లాల విచారణలు 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం (బిషప్ గారి పాలనలోని ప్రాంతం) కిందికి వస్తాయి. మీ ఊరు ఏ విచారణలో ఉందో తెలియకపోతే, దగ్గరలోని కతోలిక దేవాలయానికి ఆదివారం పూజకు వెళ్లి అక్కడి పెద్దలను అడిగితే చెబుతారు. పల్లెల్లో ఫాదర్ గారు ప్రతి ఆదివారం రాలేకపోవచ్చు, ఎందుకంటే ఒక్క ఫాదర్ గారే అనేక గ్రామాలు చూసుకోవలసి ఉంటుంది. అలాంటి చోట ప్రార్థన నడిపించి, జపాలు నేర్పి, రోగుల ఇళ్లకు వెళ్లి పలకరించే ఉపదేశి గారితోనే మీరు మొదలుపెట్టవచ్చు. ఆయన మీ కుటుంబాన్ని ఎరిగినవారు కావడం మీకు మేలే.

ఫాదర్ గారిని మొదటిసారి కలిసేటప్పుడు సమయం చూసుకోవాలి. ఆదివారం పూజ ముగియగానే ఆశీర్వాదం కోసం పిల్లలను ఎత్తుకొచ్చే తల్లులు, చనిపోయినవారి పేరున పూజ పెట్టించేవారు, బడి కాగితాల మీద సంతకం అడిగేవారు ఆయన చుట్టూ మూగుతారు. ఆ గుంపులో మనసు విప్పడం కుదరదు. కనుక, “ఫాదర్, నేను కతోలిక విశ్వాసం గురించి తెలుసుకోవాలనుకుంటున్నాను, మామూలు రోజున ఒక గంట మాట్లాడటానికి ఎప్పుడు రమ్మంటారు?” అని మాత్రమే అడగండి. వెళ్లినప్పుడు మిమ్మల్ని ఇటు నడిపించినదేమిటో, ఇంట్లో వాళ్లు ఏమంటున్నారో, పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందో దాచకుండా చెప్పండి. పెళ్లి సంగతి ముందే తెలిస్తే, చక్కదిద్దవలసినదేమైనా ఉంటే ఆయన మొదటినుంచే దారి చూపగలుగుతారు.

ఒంగోలు ప్రాంతంలో ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878లో ఒక్కరోజే 2,222 మంది బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం పొందిన నేల ఇది. అందుచేత ఇక్కడ కొత్తగా కతోలిక దేవాలయానికి వచ్చేవారిలో ఆ సంఘాల కుటుంబాలవారు కూడా ఉంటారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నీటితో బాప్తిస్మం పొందినవారికి శ్రీసభ (కతోలిక సంఘం) మళ్లీ జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇవ్వదు. ఆ సంఘం నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే, తగిన ఉపదేశం తరువాత విశ్వాస ప్రకటన చేయించి చేర్చుకుంటుంది. మీ పాత సంఘాన్ని, అక్కడ మీకు బైబిలు నేర్పిన పెద్దలను తక్కువచేసి మాట్లాడమని ఎవరైనా ప్రోత్సహిస్తే వినకండి.

జ్ఞానస్నానం పొందని పెద్దలకు ఉపదేశం కొన్ని నెలలపాటు సాగి, సాధారణంగా పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఒకే పూజలో లభిస్తాయి. జ్ఞానస్నానంలో మీకు తోడుగా, జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లిగా నిలిచేవారు సాధారణంగా పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం పొందిన కతోలికులై ఉండాలి. వరుసకు దగ్గరని కాకుండా, మీతోపాటు జపమాల చెప్పి, మీరు రాని ఆదివారం ఇంటికి వచ్చి అడిగే మనిషిని ఎంచుకోండి.

చాలామంది కొత్తవారు పాపసంకీర్తనాన్ని (పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడాన్ని), ఆత్మగురువుతో మాట్లాడటాన్ని ఒకటే అనుకుంటారు. పాపసంకీర్తనం ఫాదర్ గారు మాత్రమే ఇవ్వగల దివ్యసంస్కారం, జ్ఞానస్నానంలాగే. అందులో విన్నదాన్ని ఆయన ఎన్నటికీ, ఎవరికీ చెప్పకూడదు. ఇప్పుడే జ్ఞానస్నానం పొందబోయేవారు అంతకుముందటి పాపాలకు సంకీర్తనం చేయనక్కరలేదు, జ్ఞానస్నానమే వాటిని క్షమిస్తుంది. ఆత్మమార్గం చూపే పని మాత్రం అనుభవమున్న కన్యస్త్రీ గాని, ప్రార్థనలో పండిన గృహస్థుడు గాని చేయవచ్చు. ఆడవారు కొందరు సిస్టర్ గారితోనే తేలికగా మాట్లాడగలుగుతారు, అందులో సంకోచించవలసిందేమీ లేదు.

ఆత్మగురువు విషయంలో పదహారో శతాబ్దపు స్పెయిన్ కన్యస్త్రీ, అవిలాపురి పునీత (సెయింట్) తెరేసమ్మ భక్తితోపాటు చదువుకు కూడా పెద్దపీట వేసింది. నేనూ అదే అంటాను: శ్రీసభ బోధను సరిగా ఎరిగినవారిని చూసుకోండి. మిమ్మల్ని మాట్లాడనిచ్చేవారు, తెలియనిదాన్ని తెలియదని చెప్పేవారు, సంస్కారాల వైపు, మీ ఇంటి బాధ్యతల వైపు మిమ్మల్ని మళ్లించేవారు మంచి మార్గదర్శకులు. ప్రవచనం చెబుతానని, శాపం తీస్తానని కానుక అడిగేవారికి, మందులు మానేయమనేవారికి, మన మాటలు ఎవరికీ చెప్పవద్దని కట్టడి చేసేవారికి వెంటనే దూరం జరగాలి. వాళ్లు ఏ దుస్తులు వేసుకున్నా, ఎంత పెద్ద సభలు పెట్టినా ఈ మాటలో మార్పు లేదు.

నెలకొకసారి కలిస్తే సరిపోతుంది. వెళ్లేముందు ఆ నెలలో ప్రార్థన ఎలా సాగింది, ఎక్కడ తప్పిపోయింది, ఏ వాక్యం మనసులో నిలిచింది అన్నవి రెండు మూడు మాటల్లో రాసి పెట్టుకోండి. మనసు ఎండిపోయి ప్రార్థన రుచించని రోజుల్లో, అంతకుముందు ప్రశాంతంగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని యేసుసభ స్థాపకులైన పునీత ఇన్యాసి (ఇగ్నేషియస్ లొయోలా) వారు నేర్పారు. కొత్తవారికి ఆ ఎండుదనం తప్పక వస్తుంది. అప్పుడు పూజ మానేయక, ఆ సంగతినే ఆత్మగురువుకు చెప్పాలి.

ఫాదర్ గార్లకు కొన్నేళ్లకొకసారి బదిలీలు ఉంటాయి. మీ ఆత్మగురువైన ఫాదర్ గారికి బదిలీ అని తెలిసినప్పుడు, ఇక ఎవరి దగ్గరికి వెళ్లమంటారో ఆయననే అడగండి. మీ సంగతులు ఆయన కొత్త ఆత్మగురువుకు అందజేయరు కనుక, మొదటి సమావేశంలో మీరే మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసి ఉంటుంది.