పిల్లల చేతికి తొలి కుట్టుమిషను: ఎంపికలో చూడవలసినవి

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు కుట్టు నేర్చుకుంటామని అడిగినప్పుడు చాలామంది తల్లిదండ్రులు బ్యాటరీతో నడిచే చిన్న బొమ్మ మిషను కొని ఇస్తారు. అటువంటి వాటిలో చాలావరకు ఒకే దారంతో గొలుసుకుట్టు వేస్తాయి గనుక, చివరి కొస పట్టి లాగితే కుట్టంతా విడిపోతుంది. మడిచిన అంచు వచ్చిన చోట సూది ఆగిపోతుంది. తప్పు మిషనుదైనా, తమకే చేతకావడం లేదని పిల్లలు అనుకుంటారు. అందుకే మొదటి మిషను పాతదైనా ఫరవాలేదు గాని బొమ్మ మాత్రం కాకూడదని నా గట్టి అభిప్రాయం. పై దారమూ, అడుగున బాబిన్ అనే చిన్న చుట్టలో ఉండే దారమూ గుడ్డ మధ్యలో పెనవేసుకునే అసలైన కుట్టు వేసే మిషనునే తీసుకోవాలి.

ఆ తరువాత చూడవలసింది వేగం. పిల్లల చేయి ఎంత నెమ్మదిగా సాగుతుందో మిషను కూడా అంత నెమ్మదిగా నడవగలగాలి. ఈ లెక్కన మామ్మల కాలం నాటి నల్లని చేతిమిషనుకు సాటి వచ్చేది లేదు. పిడి ఒక చుట్టు తిప్పితే సుమారు మూడు కుట్లు పడతాయి. తిప్పడం ఆపగానే సూది ఆగుతుంది. కుడిచేయి పిడి మీద ఉండడం వల్ల గుడ్డను ఎడమచేత్తోనే నడపవలసి రావడం మొదట్లో కష్టమే గాని, కొన్నాళ్లపాటు పెద్దలు పక్కన కూర్చుని పిడి తిప్పిపెడితే ఆ కష్టం తీరుతుంది. దీనికి కరెంటుతోనూ పని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత రోజుల తరబడి చీకటిలో గడిపిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లవారికి ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

కాలిమిషను కొనేముందు పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ తొక్కుడు పలక మీద పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూడాలి. చక్రం వెనక్కి తిరిగితే దారం తెగుతుంది కాబట్టి, దారం ఎక్కించకుండా, పాత సూదితో, గీతల నోటుపుస్తకం కాగితం మీద గీత వెంబడి నడపడం ముందుగా అలవాటు చేయాలి. మోటారు మిషనే కావాలనుకునేవారు వేగాన్ని తగ్గించి ఉంచే మీట ఉన్నదానిని ఎంచుకోవాలి.

పాత మిషను కొనడానికి దసరా, సంక్రాంతి ముందు రోజులు అనువైనవి కావు. ఆ రోజుల్లో మన దర్జీలకు తల ఎత్తే తీరిక ఉండదు. పండగ వెళ్లాక వెళితే నిదానంగా చూపిస్తారు. విజయనగరం గంటస్తంభం బజారులో కొన్నా, శ్రీకాకుళం జి.టి. రోడ్డులో కొన్నా, ఊరి దర్జీ దగ్గర కొన్నా, పరీక్షించే గుడ్డ ఇంటి నుంచే తీసుకువెళ్లాలి. పాత నూలు దుప్పటి ముక్కను రెండు మడతలు వేసి, పైన ఎర్రదారం, బాబిన్‌లో నల్లదారం పెట్టి కుట్టించి, రెండు వైపులా పరిశీలించాలి. అడుగు వైపున ఎర్రచుక్కలు కనిపిస్తే పై దారం వదులుగా ఉన్నట్టు, పై వైపున నల్లచుక్కలు కనిపిస్తే పై దారం మరీ బిగిసినట్టు. పై దారం బిగువును మార్చే టెన్షన్ మర సవరించినా ఆ చుక్కలు పోకపోతే ఆ మిషనును వదిలేయడం మేలు. బాబిన్‌ను కేసులో, అంటే అది కూర్చునే చిన్న లోహపు డబ్బీలో, పెట్టి దారం కొసతో వేలాడదీసి చిన్నగా కుదిపితే, అది కొద్దిగా మాత్రమే కిందికి జారి ఆగాలి. దారం లేకుండా చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు ఎక్కడా పట్టినట్టు ఉండకూడదు. సూది దిగే పలకలోని రంధ్రం అంచున గీతలు పడి ఉంటే ఆ పలకను మార్పించమని అడగాలి, లేకపోతే దారం అక్కడ తెగుతూనే ఉంటుంది. సూదులు, బాబిన్లు దగ్గరి బజారులో దొరికే రకమో కాదో కూడా అప్పుడే తెలుసుకోవాలి.

సాధారణ నూలు గుడ్డకు 14 నంబరు సూది, పలుచని వాటికి 11 నంబరు సరిపోతాయి. సన్నని పొందూరు ఖాదీ ఎంత అందమైనదైనా మొదటి పాఠానికి తగదు; కాస్త దళసరి నూలు గుడ్డ పిల్లల చేతికి లొంగుతుంది. చేతిరుమాలు, దిండు గలీబు, చిన్న సంచి వంటి తిన్నని కుట్లతోనే పని మొదలుపెట్టించాలి.

సూది వద్దకు వేలు పోకుండా అడ్డుగా ఉండే చిన్న గార్డు దొరికితే తప్పక బిగించాలి. దారం ఎక్కించేటప్పుడు మోటారు మిషనుకు స్విచ్ కట్టేయడం, జడ, చున్నీ చక్రానికి దూరంగా ముడిచి ఉంచడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. పెద్దలు లేనప్పుడు మిషను మీద కూర్చోనివ్వకూడదు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది గనుక, పని కాగానే మూత పెట్టి, కుట్టుమిషను నూనె మాత్రమే వేయాలి. కొబ్బరినూనె వేస్తే కొంతకాలానికి జిగురుగా మారి మిషను బిగుసుకుపోతుంది. నూనె వేసిన తరువాత పాత గుడ్డ మీద కొన్ని వరుసలు కుట్టించి, మరక ఆగిన తరువాతే మంచి గుడ్డ పెట్టాలి.