చెట్ల పనిలో హెల్పర్ నిలబడాలంటే

కడపలో ఇళ్ల మీదికి వాలిన వేప, చింత కొమ్మలు కొట్టే పని నాది. హెల్పర్లు వారం తిరక్కుండానే మానేసేవాళ్లు. కూలి తక్కువని కాదు, భయం. పైన రంపం మిషన్ మోగుతుంటే నా కేక కిందికి వినపడదు. కొమ్మ ఎప్పుడు పడుతుందోనని వాళ్లకు ఒకటే టెన్షన్.

అందుకే పద్ధతి మార్చాను. మిషన్ ఆపి "కోయాల్నా?" అని అడుగుతాను. కింద పిల్లోడు మోకు బిగించి, పక్కకు జరిగి "కొయ్యన్నా" అంటేనే కోత. పెద్ద కొమ్మకైతే ముందు అడుగు వైపు చిన్న గాటు, దానికి కాస్త అవతల పైనుంచి కోత. అప్పుడు బెరడు కాండం దాకా చీలిపోదు. మిగిలిన మొండిని, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుకు తగలకుండా తీస్తాం. చెట్టు ఆ గాయాన్ని తొందరగా మూసుకుంటుంది.

కరెంటు తీగ దగ్గరుంటే, లైన్ ఆపించేదాకా నిచ్చెన కూడా వేయను.

ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా హెల్పర్ పేరున కట్టించాను. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. అది చాలదు, అయినా ఉండాల్సిందే. వానకు పని ఆగిన రోజు సగం కూలి ఇస్తున్నాను. ఇప్పుడున్న అబ్బాయి పోయిన ఎండాకాలం నుంచి నాతోనే ఉన్నాడు. ముడులు వేయడం నాకంటే బాగా వచ్చు.