వాటర్‌కలర్ పెన్సిళ్లతో తొలి మందారం వేయడం ఎలా?

వాటర్‌కలర్ పెన్సిల్ చూడటానికి మామూలు రంగు పెన్సిల్‌లాగే ఉంటుంది. తేడా అంతా రంగుపొడిని పట్టి ఉంచే పదార్థంలో ఉంది. మామూలు దానిలో మైనం, నూనె వంటివి ఉండడం వల్ల నీళ్లు తగిలినా గీత చెదరదు. దీనిలోని బంక నీటిలో కరిగేది కనుక, తడి కుంచె తాకగానే గీత కరిగి రంగై పారుతుంది.

తొలి బొమ్మకు ఐదు రేకులుండే ఎర్రని ఒంటిరెక్క మందారం అనువుగా ఉంటుంది. గుండ్రటి కుంచె ఒకటి (6వ నంబరు), నీళ్ల కప్పు, పాత గుడ్డ చాలు. కాగితం విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. నోటుపుస్తకం కాగితం తడికి ముడతలు పడుతుంది, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ కాగితం అయితే తట్టుకుంటుంది.

ముందుగా విడి కాగితంపై ఒక్కో రంగును చిన్న గడిగా పూసి, సగభాగాన్ని తడిపి చూడండి. పొడిగా ఉన్నప్పుడు వెలవెలబోయిన రంగు తడిస్తే ఎంత గాఢంగా మారుతుందో అప్పుడే తెలుస్తుంది.

పువ్వు ఆకారాన్ని లేత గులాబి వాటర్‌కలర్ పెన్సిల్‌తోనే గీయండి. నల్ల పెన్సిల్ గీతపై రంగు ఆరిందంటే, ఆ తర్వాత దానిని చెరపడం కష్టం. రేకులకు రంగు పూసేటప్పుడు మొదలు నుంచి అంచు వైపుకు, ఈనెలు సాగిన దారిలోనే గీతలు సాగాలి. రేకు మొదలు దగ్గర దట్టంగా, అంచుకు వచ్చేసరికి దాదాపు ఏమీ లేనట్టుగా ఉండాలి. వెలుగు పడే చోట కాగితాన్ని ఖాళీగా వదిలేయండి, ఎందుకంటే ఒకసారి పోయిన ఆ తెలుపును తెల్ల పెన్సిల్ తిరిగి తేలేదు. గట్టిగా నొక్కిన గీతలు నీటికి పూర్తిగా కరగవు కాబట్టి, ఈనెలు కనబడాల్సిన చోట తప్ప చేతిని తేలికగా ఉంచండి. నిజానికి బొమ్మ బాగోగులు సగానికి పైగా ఈ పొడి దశలోనే తేలిపోతాయి.

ఇక నీళ్లు. కుంచెను ముంచి, గుడ్డకు అద్ది, లేత అంచు నుంచి ముదురు మొదలుకు నడపండి. తిరగేస్తే ముదురు రంగు వచ్చి అంచునంతా మురికి చేస్తుంది. పక్కపక్క రేకులను ఒకేసారి తడిపితే రంగులు ఒకదానిలోకి ఒకటి పారతాయి. అందుచేత ఒకటి విడిచి ఒకటిగా రెండు రేకులు, అవి ఆరాక మరో రెండు తడపాలి. ఐదు బేసి సంఖ్య కావడంతో చివరి రేకు ఒంటరిగా మిగులుతుంది. ఒక్కో రేకుకూ కుంచె కడగడం మరవద్దు.

అంతా ఆరాక, పువ్వు నడిమి లోతుకు నలుపు బదులు కొంచెం ఊదా పూసి మళ్లీ తడిపితే నీడకు జీవం వస్తుంది. మధ్యలోని కాడపై పుప్పొడి కోసం తడి కుంచెను పసుపు పెన్సిల్ మొనకు రాసి, చుక్కలుగా అద్దండి. కాడ కొసన ఐదు ఎర్రని బొడిపెలు ఉంటాయి. ఆకుల పచ్చదనం మరీ మెరుస్తుంటే దానిపై ఎరుపును పలుచగా తాకించండి.

తడిసిన పెన్సిల్ మొన మెత్తబడి ఉంటుంది, పూర్తిగా ఆరాకే చెక్కండి.