మడ్ వల్ల రాతికి జరిగిన నష్టాన్ని మోడల్ చేయడం: గోడ పక్కనున్న అయిదు సెంటీమీటర్ల సంగతి

డ్రిల్లింగ్ మడ్ (బావి తవ్వేటప్పుడు అందులో తిప్పే ద్రవం) రిజర్వాయర్ రాతిని (చమురు ఉన్న రాతిని) ఎంత పాడుచేసిందో లెక్కకట్టడానికి కూర్చుంటే ముందు కళ్ళకు కనిపించేది ఫిల్ట్రేట్ (మడ్ నుంచి వడకట్టబడి రాతిలోకి దిగే ద్రవం) ఎంత లోపలికి పోయిందన్నదే. దిగుబడిని అసలు పిండేసేది మాత్రం బావి గోడను ఆనుకుని మడ్‌లోని ఘనకణాలు ఇరుక్కున్న సన్నని పొర. ఈ రెండు మండలాలనూ మోడల్‌లో విడివిడిగా పెట్టండి.

ముందు ఫిల్ట్రేట్ పరిమాణం. మడ్ తిరుగుతున్నప్పుడు ప్రవాహం కేక్‌ను (గోడ మీద మడ్ కణాలు పేరుకున్న పొరను) గీకేస్తూ ఉంటుంది, అందుకని కొంత మందం వచ్చాక కేక్ పెరగదు, ఊట (ఫిల్ట్రేట్ రాతిలోకి దిగడం) దాదాపు ఒకే వేగంతో సాగుతుంది. పంపులు ఆపితే కేక్ మళ్ళీ మందమవుతుంది, మొత్తం ఊట కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి తిరిగిన గంటలు, ఆగిన గంటలు వేరుగా రాసుకోవాలి. 100 పి.ఎస్.ఐ. దగ్గర 30 నిమిషాలు వడపోత కాగితం మీద చేసే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) పరీక్ష మడ్‌లను పోల్చడానికి సరిపోతుంది. ఆ అంకెను మోడల్‌లో పెట్టకండి. అసలు కోర్ (రిజర్వాయర్ నుంచి తీసిన రాతి ముక్క) మీద, బావిలోని వేడి, ఒత్తిడి తేడాలతో మడ్‌ను తిప్పుతూ చేసిన పరీక్ష కావాలి.

ఒక లెక్క చూద్దాం. బావి వ్యాసార్ధం 0.108 మీ., ఊట గంటకు 1 మి.మీ., 72 గంటలు. మీటరు ఎత్తు గోడ వైశాల్యం 0.68 చ.మీ., అంటే ఫిల్ట్రేట్ సుమారు 0.049 ఘ.మీ. సచ్ఛిద్రత (రాతిలో రంధ్రాల వాటా) 20 శాతం, రంధ్రాల పరిమాణంలో సగం మేర చమురును ఫిల్ట్రేట్ తోసేసిందనుకుంటే అది 0.41 మీ. వ్యాసార్ధం దాకా వెళ్తుంది.

ఇప్పుడు స్కిన్, అంటే బావి పక్కన పాడైన రాయి ప్రవాహానికి పెట్టే అదనపు అడ్డును చెప్పే అంకె. పారగమ్యత అంటే రాతిలోంచి ద్రవం ఎంత సులువుగా పారుతుందన్నది. హాకిన్స్ సూత్రం ప్రకారం ఒక్కో మండలానికి: (అసలు పారగమ్యత ÷ పాడైన పారగమ్యత − 1) × సహజ లాగ్ (బయటి వ్యాసార్ధం ÷ లోపలి వ్యాసార్ధం). కణాలు నిండిన మొదటి 5 సెం.మీ.లో పారగమ్యత 20 రెట్లు తగ్గితే 19 × 0.38, అంటే 7.2. ఆపైన 0.41 మీ. దాకా రెండు రెట్లు తగ్గితే 0.95 మాత్రమే. మొత్తం 8.2. డ్రైనేజీ వ్యాసార్ధం (బావికి చమురు చేరే ప్రాంతపు వ్యాసార్ధం) 300 మీ. అయితే దిగుబడి దాదాపు సగానికి పడిపోతుంది.

గ్రిడ్‌లో (మోడల్ కోసం రాతిని చిన్న సెల్‌లుగా విభజించిన అమరికలో) తప్పు ఇక్కడే జరుగుతుంది. మొదటి సెల్ 10 సెం.మీ. పెట్టి దానంతటికీ 20 రెట్లు తగ్గించిన విలువ ఇస్తే ఆ సెల్ స్కిన్ 12.5 అయి కూర్చుంటుంది! మొదటి సెల్ 1 సెం.మీ. లోపు ఉంచి, బయటికి పోయేకొద్దీ 1.2 రెట్ల చొప్పున పెంచుకుంటూ పోండి.

కోర్ పరీక్షలోనూ అదే చిక్కు. 10 సెం.మీ. కోర్‌లో సగం 20 రెట్లు పాడైతే మొత్తం కోర్ చూపేది సుమారు పదిన్నర రెట్ల తగ్గుదలే. పొడవునా ఒత్తిడి కొలిచే రంధ్రాలున్న కోర్ హోల్డర్ వాడితే ఎక్కడ పాడైందో తెలుస్తుంది. కొలిచేముందు ఉత్పత్తి దిశలో చమురు పంపి కేక్ ఊడేదాకా ఆగాలి.

రెండు మినహాయింపులు. కేసింగ్ (ఉక్కు గొట్టం) వేసి పర్ఫొరేట్ చేసిన (దానికీ రాతికీ రంధ్రాలు పొడిచిన) బావిలో ఆ రంధ్రాల సొరంగాలు పాడైన మండలాన్ని దాటితే పై సూత్రం నష్టాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. అడ్డంగా తవ్విన బావిలో ముందు తవ్విన హీల్ (బావి అడ్డంగా తిరిగే మొదలు) వైపు మడ్ ఎక్కువ కాలం తగులుతుంది కనుక నష్టాన్ని హీల్ దగ్గర వెడల్పుగా ఉండే శంకువులా ఇవ్వాలి.

చివరికి బిల్డప్ పరీక్షతో (బావిని మూసి ఒత్తిడి ఎలా పెరుగుతుందో చూసే పరీక్షతో) సరిచూస్తారు. అందులో వచ్చే స్కిన్‌లో పాక్షికంగా తెరిచిన పొర, బావి వాలు, పర్ఫొరేషన్లు కూడా కలిసి ఉంటాయి. వాటి వాటాలు ముందు తీసేసి, మిగిలినదానికే పారగమ్యత నిష్పత్తులు సవరించండి.