అప్లిక్ పనికి, బొంతలకు కటింగ్ మిషన్ ఎంచుకోవడం ఎలా?

విజయనగరంలో కుట్టుపని చేసుకునే ఆడవాళ్లు ఈమధ్య నన్ను తరచుగా అడిగేది ఒకటే: మనం ఇచ్చిన బొమ్మ గీత వెంట గుడ్డను దానంతటదే కోసే ఎలక్ట్రానిక్ కటింగ్ మిషన్లలో ఏ కంపెనీది మంచిది? పసిపిల్లల బొంతలు, దిండు గలీబులు, రవికల మీద అప్లిక్ పని (ఆకారంగా కోసిన గుడ్డ ముక్కను మరో గుడ్డ మీద కుట్టడం) చేస్తూ ఈ మిషన్‌ను రోజూ వాడేదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. కంపెనీ కంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మీరు కోసే ఆకారం ఏది, కోసే గుడ్డ ఏది.

బొబ్బిలి నుంచి మా పిన్ని అడిగినప్పుడు, "పిన్నీ, నీ బొంతలన్నీ నలుచదరపు ముక్కలే కదా, నీకు మిషన్ దండగ" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఈ ఎలక్ట్రానిక్ మిషన్లు ఒకసారికి ఒక్క పొర గుడ్డనే కోస్తాయి. గుడ్డను కదలకుండా పట్టి ఉంచే జిగురు మ్యాట్ మామూలుగా 12 అంగుళాల చదరం, పెద్దదైతే 12 వెడల్పు, 24 పొడవు. ప్రతి ముక్కనూ మ్యాట్ మీద అంటించాలి, కోయించాలి, ఊడదీయాలి. చదరాలు, పట్టీలు అయితే చేతితో నడిపే చక్రం కత్తి, స్కేలు పెట్టుకుని నాలుగు మడతలు ఒకేసారి కోసేయవచ్చు. ఒకే ఆకారం వందల్లో కావాలంటే అక్యూక్విల్ట్ గో లాంటి చేతితో తిప్పే డై మిషన్ నయం (డై అంటే ఆకారం అంచు వెంట బ్లేడు అమర్చిన పలక). నూలు గుడ్డ ఆరు పొరల దాకా ఒకేసారి తెగుతుంది, కరెంటూ అక్కర్లేదు. అయితే ప్రతి ఆకారానికీ విడిగా డై కొనాలి.

ఎలక్ట్రానిక్ మిషన్ పనితనం వంపుల దగ్గర తెలుస్తుంది. మామిడిపిందెలు, హంసలు, తామరలు, మెలికల ముగ్గులు, పిల్లల పేర్లు కత్తెరతో కోస్తే ఏ రెండూ ఒక్కలా రావు. మిషన్‌తో వందో పిందె కూడా మొదటి దానిలాగే వస్తుంది.

ఇక అసలు తేడా బ్లేడులో ఉంది. మామూలు బ్లేడు మొనదేలిన చిన్న కత్తి. అది గుడ్డ మీద ఈడ్చుకుంటూ పోతుంది, వట్టి గుడ్డ అయితే పోగులు దాని ముందు కుప్ప పడతాయి. అందుకే గుడ్డ వెనక ఇస్త్రీతో అంటుకునే జిగురు పొర వేసి గట్టి చేయాలి. రెండో రకం దొర్లే చక్రం బ్లేడు. ఇది పోగును లాగకుండా నొక్కి తెంపుతుంది, వట్టి గుడ్డను కూడా కోస్తుంది. క్రికట్ మేకర్, సిల్హౌట్ కేమియో 4 ఈ బ్లేడును పట్టుకునేంత బలమున్న మిషన్లు. బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ ఎస్‌డీఎక్స్ రకాలకు చక్రం బ్లేడును విడిగా కొనుక్కోవాలి. అయితే చక్రం ఇరుకు మలుపుల్లో తిరగదు. ముప్పావు అంగుళం కంటే చిన్న ఆకారాలకు దాన్ని వాడవద్దని క్రికట్ వాళ్లే చెబుతారు.

అప్లిక్ చేసేవారు ఈ విషయం గట్టిగా పట్టుకోవాలి. ముక్కను అడుగు గుడ్డ మీద నిలపడానికి ఆ జిగురు పొర ఎలాగూ వేస్తాం. అలాంటప్పుడు క్రికట్ ఎక్స్‌ప్లోర్ వంటి చిన్న మిషన్, అంటించిన గుడ్డకు వాడే బ్లేడు చాలు. చక్రం బ్లేడు కోసం పెద్ద మిషన్‌కు డబ్బు పోయాల్సిన పని లేదు. జిగురు లేకుండా ముక్కలను ఒకదానికొకటి అతికి బొంత కుట్టేవారికే అది కావాలి. వాళ్లు ప్రతి ముక్కకూ చుట్టూ పావు అంగుళం కుట్టు వదులు కలిపి కోయాలని గుర్తుంచుకోవాలి.

సొంత బొమ్మలు గీసేవారికి స్కాన్‌ఎన్‌కట్ నాకు బాగా నచ్చిన మిషన్. దానిలోనే స్కానర్ ఉంటుంది. తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో ముగ్గు గీసి లోపలికి పంపితే ఆ గీతనే కోత గీతగా తీసుకుంటుంది, కంప్యూటర్ అక్కర్లేదు. అచ్చు గుడ్డను మ్యాట్ మీద అంటించి స్కాన్ చేస్తే, పువ్వు సరిగ్గా పిందె మధ్యలో పడేలా తెర మీదే జరుపుకోవచ్చు. కంప్యూటర్ ఉండి ఇంటర్నెట్ సరిగా రాని ఊళ్లలో సిల్హౌట్ అనువు, దాని సాఫ్ట్‌వేర్ నెట్ లేకుండా నడుస్తుంది. కాని ఉచిత రకంలో ఎస్‌వీజీ ఫైళ్లు (గీతల బొమ్మల ఫైళ్లు) తెరుచుకోవు. ఫోను ఒక్కటే ఉన్నవారికి క్రికట్ సులువు, నెట్ మాత్రం బాగుండాలి.

పొందూరు ఖద్దరు మీద నాకు మమకారం ఎక్కువ, కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెబుతాను. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి, చేత్తో వడికిన సన్నని నూలు అది. మెత్తగా ఉన్నదాన్ని అలాగే మిషన్‌కు ఇస్తే మూలల్లో పోగులు లేస్తాయి. ముందు ఉతికి ఆరవేయాలి, ముడుచుకునేది అప్పుడే ముడుచుకుంటుంది. తరువాత చిక్కటి గంజి పెట్టి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. వేలితో మీటితే కాగితంలా టపటపమనాలి. అప్పుడు పడుగు పోగు మ్యాట్ గళ్లకు నిటారుగా ఉండేలా పరచి, అరచేత్తో కాకుండా చిన్న రోలరుతో నొక్కాలి. మన ఉక్కపోతలో చేతి చెమటకు మ్యాట్ జిగురు తొందరగా చచ్చిపోతుంది. కోత అయ్యాక గుడ్డను లాగకండి. మ్యాట్‌ను బోర్లించి, దాన్నే వెనక్కి వంచుతూ తీస్తే అంచు సాగదు. మిగిలిన పోగులను పట్టకారుతో ఏరేయండి.

గుడ్డను బోర్లా అంటించి కోస్తే బొమ్మను ముందుగా అద్దంలోలా తిప్పుకోవాలి, లేదంటే అక్షరాలు తిరగబడి వస్తాయి. గుడ్డ ముఖం పైకి ఉంటే ఆ అవసరం లేదు.

విదేశాల నుంచి బంధువులు తెచ్చే మిషన్ల విషయంలో అడాప్టరు మీది చీటీ చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే సరే. 110 లేదా 120 మాత్రమే ఉంటే మన కరెంటుకు నేరుగా పెట్టకూడదు. చిన్న యూపీఎస్ ఒకటి పక్కన ఉండాలి, కోత మధ్యలో కరెంటు పోతే మిషన్ తన చోటు మరచిపోతుంది, ఆ ముక్క వృథా.

విశాఖపట్నంలోనో మరెక్కడో దుకాణంలో చూడటానికి వెళితే మీ గుడ్డనే పట్టుకెళ్లండి. వాళ్ల దగ్గరుండే బిరుసు గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కోస్తుంది. తోక సన్నగా ఉన్న మామిడిపిందెను కోయించి, ఆ తోక మొన దగ్గర తెగని పోగు మిగిలిందేమో చూడండి. బ్లేడు, మ్యాట్ అరిగిపోయే వస్తువులు, కాబట్టి అవి ఎంతకు దొరుకుతాయో, ఎన్నాళ్లలో తెప్పిస్తారో అడిగి, ఒక మ్యాట్, ఒక బ్లేడు అదనంగా బిల్లులో వేయించుకోండి.