వెలెబిట్ రాతి కట్టడాలను చదవడం – మూడవ పాఠం: సున్నం లేని గోడ

క్రొయేషియా అడ్రియాటిక్ తీరం వెంట సుమారు 145 కిలోమీటర్ల పొడవున సాగే వెలెబిట్ పర్వతశ్రేణిలో సున్నపురాయి వాన నీటిని పైన నిలవనీయకుండా లోపలికి ఎలా దిగమింగుతుందో మొదటి పాఠంలోనూ, ఈశాన్యం నుండి సముద్రం మీదికి విరుచుకుపడే బురా అనే చలిగాలి స్వభావాన్ని రెండవ పాఠంలోనూ చూశాం. సున్నం గాని, మట్టి గాని కలపకుండా కేవలం రాయి మీద రాయి పేర్చి కట్టే గోడను చూసి, అది ఎందుకు కట్టినదో చెప్పగలగడం ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని. అక్కడివారు ఈ గోడను సుహోజిద్ అంటారు. ఈ నిర్మాణ విద్యను 2018లో యునెస్కో క్రొయేషియాతో పాటు మరి ఏడు ఐరోపా దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది.

ముందుగా గోడకు ఎన్ని ముఖాలున్నాయో చూడండి. రెండు వైపులా చదునుగా పేర్చిన వరుసలుండి, నడుమ చిన్న రాతి ముక్కలు కూరి ఉంటే, అది సాధారణంగా పొలానికో మేత భూమికో హద్దు. పొలంలో ఏరిన రాళ్లను పారబోయడానికి వేరే చోటు లేదు గనుక, నేల శుభ్రపడటం, గోడ లేవడం ఒకే పనిగా జరిగేవి. ఒక్క ముఖమే కనబడుతూ వెనుక మట్టి నిండి ఉంటే, అది వాలు మీద మట్టిని ఆపే గోడ. మట్టి ఇంత అరుదైన కొండ మీద ఇటువంటి గోడలే అన్నిటికంటే విలువైనవని నా అభిప్రాయం. వాటి రాళ్ల సందుల గుండా వాన నీరు బయటికి పోతుంది. అదే సందులను సిమెంటుతో పూడ్చేస్తే, నీటి ఒత్తిడి వెనుక నుండి పెరిగి గోడ ఉబ్బే ప్రమాదముంది. పాత గోడకు సిమెంటు పూయడాన్ని మరమ్మతు అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

తరువాత సందులను పరిశీలించండి. మంచి గోడలో కింది వరుసలోని రెండు రాళ్లు కలిసే చోట పైన ఒక రాయి అడ్డంగా కూర్చుంటుంది. నిలువు సందు మూడు, నాలుగు వరుసల వరకు తెగకుండా పైకి పోతున్నట్లయితే అక్కడ గోడ చీలడానికి అవకాశముంది. లేదా ఒకప్పటి దారిని తరువాతి కాలంలో మూసివేశారని అనుమానించవచ్చు. గోడ మందమంతా పట్టే పొడవాటి రాళ్లు అక్కడక్కడా రెండు ముఖాలనూ కలిపి బిగిస్తాయి. గోడ పైకి పోయేకొద్దీ రెండు ముఖాలూ కొద్దిగా లోపలికి వాలడం కూడా నైపుణ్యానికి గుర్తే.

ఈ విద్యను పెద్ద ఎత్తున చూడదలచినవారికి ప్రెముజిచ్ కాలిబాటను మించిన ఉదాహరణ లేదు. అటవీ ఇంజనీరు ఆంటె ప్రెముజిచ్ రూపకల్పనలో 1930–1933 మధ్య, జవిజాన్ నుండి బాష్కె ఒష్టారియె వరకు 57 కిలోమీటర్ల మేర ఇది నిర్మితమైంది. నడవడానికి వీలులేనంత కరుకైన శిలల మధ్య, లోయ వైపు రాళ్లు పేర్చి, దాని మీద మెల్లగా ఎక్కే బాట పరిచారు; అందుచేత నడిచేవారికి కాలి కింద గోడ ఉన్న సంగతే తెలియదు.

సెన్య్ పట్టణం పైనున్న నెహాయ్ కోట మరొక రకం కట్టడం. కెప్టెన్ ఇవాన్ లెన్కొవిచ్ ఆధ్వర్యంలో 1558లో పూర్తయిన ఈ కోట 18 మీటర్ల ఎత్తుంటుంది. పట్టణ ప్రాకారానికి వెలుపల ఉన్న చర్చిలనూ ఇళ్లనూ కూల్చి, ఆ రాళ్లనే దీనికి వాడారు. కనుక ఇక్కడ ఒక రాయిని చెక్కిన కాలాన్ని బట్టి గోడ కాలాన్ని నిర్ణయించకూడదు.

పేర్చిన ప్రతి రాయీ గోడకు చెందినది కాదు. దక్షిణ వెలెబిట్‌లో, పాక్లెనిత్సా పరిసరాలలో, తల దగ్గర ఒకటి, పాదాల దగ్గర ఒకటి నిలువురాళ్లు, నడుమ పరచిన పలకలు కనిపిస్తే, అవి మిరిలా. కొండ మీది పల్లెల నుండి మృతదేహాన్ని చర్చి శ్మశానానికి మోసుకుపోతూ దించి, ఆ మనిషి పొడవును రాళ్లతో గుర్తించిన స్థలాలవి. దేహం పూడ్చినది వేరొక చోటైనా, ఆత్మ ఇక్కడే ఉంటుందని నమ్మి బంధువులు సమాధి కంటే దీనినే ఎక్కువగా దర్శించేవారు. అందువల్ల వాటిపై అడుగు వేయకండి, పలకలను కదల్చకండి.

అభ్యాసం: వెలెబిట్ గోడల ఛాయాచిత్రాలు నాలుగు తీసుకుని, ముఖాల సంఖ్య, తెగని నిలువు సందులు, అడ్డంగా బిగించిన రాళ్లు గుర్తించి, గోడ పని ఏమిటో ఒక్కొక్క వాక్యంలో రాయండి. ఊరి చెరువు కట్టకు నీటి వైపు సిమెంటు లేకుండా పేర్చిన రాళ్లుంటే వాటి మీద కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. వచ్చే పాఠంలో పశువుల కాపరుల గుడిసెల పైకప్పులు చూద్దాం.